ముక్కు వాల్వ్ కొలాప్స్: డైనమిక్ అని నేను, అన్‌స్పెసిఫైడ్ అని క్యూఏ

ఉప్పల్_కుర్రాడు
మెడికల్ కోడర్‌ని, అంటే అమెరికా డాక్టర్లు రాసిన నోట్లు (చార్టులు) చదివి, ఇన్సూరెన్స్ బిల్లు కోసం జబ్బులకి ఐసీడీ-10-సీఎం కోడ్‌లు వేసే పని. ఈఎన్‌టీ ప్రాజెక్టులో పడి నాలుగు నెలలైంది. నిన్న రాత్రి షిఫ్టులో క్యూఏ (మా కోడ్‌లు సరిచూసే వాళ్లు) ఆడిట్ రిపోర్ట్ వచ్చింది. ఒకే ఒక్క చార్ట్ దెబ్బకి ఈ నెల నా అక్యురసీ 95 కిందికి జారింది. ఇన్సెంటివ్ గోవిందా.

చార్ట్ సంగతి ఇదీ. అమెరికా క్లినిక్, అవుట్‌పేషెంట్ విజిట్. పేషెంట్‌కి పదేళ్ల కింద రైనోప్లాస్టీ (ముక్కు ఆకారం సరిచేసే సర్జరీ) అయింది, ఆ తర్వాత నుంచి ముక్కులో గాలి ఆడటం లేదు. ఎగ్జామ్‌లో డాక్టర్ రాసింది: రెండు వైపులా ఇంటర్నల్ వాల్వ్ (ముక్కు లోపల గాలి దారిలో ఇరుకైన చోటు) ఇరుకు, గాలి పీల్చినప్పుడు లాటరల్ వాల్ (ముక్కు పక్క గోడ) లోపలికి పోతోంది, మాడిఫైడ్ కాటిల్ టెస్ట్ పాజిటివ్. కింద జబ్బు పేరు తేల్చే అసెస్‌మెంట్‌కి వచ్చేసరికి మూడే మూడు మాటలు, "నాసల్ వాల్వ్ కొలాప్స్". నేను జే34.8202 వేశాను, అంటే ఇంటర్నల్, డైనమిక్. క్యూఏ మేడమ్ అది కొట్టేసి జే34.829, అన్‌స్పెసిఫైడ్ అన్నారు.

గాలి పీల్చినప్పుడు లోపలికి పోతే అది డైనమిక్ కాక మరేమిటి? రిబటల్ (ఆడిట్‌కి నా అభ్యంతరం) వేయడానికి రేపు సాయంత్రం దాకా టైముంది. ఏం రాయమంటారు?

విశాఖ_నైట్‌షిఫ్ట్
మా టీమ్‌లోనూ నెలకోసారి ఇదే గొడవ. టీ తెచ్చుకుని కూర్చున్నా, కానివ్వండి.

మల్లి_సీపీసీ
నీదే కరెక్ట్ తమ్ముడూ, ధైర్యంగా రిబటల్ వెయ్యి. కదిలితే డైనమిక్, కదలకపోతే స్టాటిక్. డాక్టర్ అంత వివరంగా రాశాక అన్‌స్పెసిఫైడ్ వేయడం ఏమిటి? మూడు కోట్ల ఆస్తి ఉన్నవాడికి తెల్ల రేషన్ కార్డు ఇచ్చినట్టుంది.

ఆడిట్_అత్తగారు
మల్లీ, ఆ ధైర్యం చెప్పి పిల్లాడిని గోతిలోకి తొయ్యకు.

నాన్నా ఉప్పల్, "పీల్చినప్పుడు లోపలికి పోతోంది" అన్నది డాక్టర్ చూసిన విషయం. "డైనమిక్ కొలాప్స్" అన్నది ఆయన తేల్చాల్సిన జబ్బు. మొదటి దాని మీంచి రెండో దాని మీదికి గెంతింది నువ్వు, ఆయన కాదు. ఐసీడీ-10-సీఎం గైడ్‌లైన్స్ మొదటి సెక్షన్‌లో ఏ.19 తీసి చదువు. జబ్బు ఉందని ప్రొవైడర్ (వైద్యం చేసే డాక్టర్) చెప్పిన మాట మీదే కోడ్ నిలబడుతుంది. ల్యాబ్ రిపోర్ట్‌లో షుగర్ 400 కనిపించినా డాక్టర్ డయాబెటిస్ అని రాయకపోతే మనం ఈ11 వేస్తామా? వేయం. ఇదీ అంతే. పదకొండేళ్లుగా ఆడిట్ చేస్తున్నాను, "ఇది ఖచ్చితంగా అదే మేడమ్" అన్న రిబటల్స్ వందల్లో చదివి ఉంటాను. అన్నీ తెలివైన వాళ్లు రాసినవే.

ఉప్పల్_కుర్రాడు
షుగర్ పోలిక నాకు అతకలేదు మేడమ్. షుగర్ 400కి వేరే కారణాలు ఉండొచ్చు, స్టెరాయిడ్స్ వాడినా పెరుగుతుంది. ఇక్కడ గాలి పీలిస్తే గోడ లోపలికి పడిపోతోంది. దానికి వేరే పేరు ఏముంటుంది?

ఆడిట్_అత్తగారు
ఆ ప్రశ్న డాక్టర్‌ని అడుగు. నన్నూ కాదు, నిన్నూ కాదు.

ముక్కుసూటి
అత్తగారూ, డైనమిక్ విషయంలో మీతోనే ఉన్నాను. కానీ ఆ క్యూఏ కూడా కడిగిన ముత్యమేమీ కాదు. అసెస్‌మెంట్ లైన్ ఒక్కటే చూసి కోడ్ వేయాలన్న రూలు ఎక్కడుంది? చాలా ప్రాజెక్టుల్లో దీన్ని వేదంలా చెప్తారు, పుస్తకంలో చూపించమంటే మాట మారుస్తారు. అదే ప్రొవైడర్ అదే విజిట్ నోట్‌లో హెచ్‌పీఐలోనో (పేషెంట్ చెప్పిన బాధలు రాసే భాగం) ప్లాన్‌లోనో జబ్బు పేరు ఇంకాస్త వివరంగా రాసి ఉంటే, అది తీసుకోవాల్సిందే. ఉన్న వివరమంతా కోడ్‌లో రావాలని కదా గైడ్‌లైన్స్ చెప్పేది.

ఉప్పల్ బ్రో, "ఇంటర్నల్ వాల్వ్ ఇరుకు" అన్నది ఎగ్జామ్ మాట. నోట్‌లో ఇంకెక్కడైనా "ఇంటర్నల్ నాసల్ వాల్వ్ కొలాప్స్" అని నిండు పేరుతో ఉందా? ప్లాన్ మొత్తం చదివి చెప్పు.

ఫ్రెషర్_దిల్‌సుఖ్‌నగర్
మధ్యలో దూరుతున్నందుకు తిట్టకండి. వచ్చే నెల సీపీసీ (కోడర్ల సర్టిఫికేట్ పరీక్ష) రాస్తున్నాను. జే34.82 అని వేస్తే సరిపోదా? ఈ చివరి అంకె ఫ్రాక్చర్ కోడ్‌లలో ఏ, డీ, ఎస్ పెట్టినట్టు సెవెంత్ క్యారెక్టరా?

కొండాపూర్_కోడర్
రెండింటికీ కాదు. జే34.82 అంటే ఇంటి నంబర్ లేకుండా వీధి పేరు మాత్రమే రాసినట్టు. మన కోడింగ్ సాఫ్ట్‌వేర్ ఎన్‌కోడర్ తీసుకోదు, తీసుకున్నా అవతల క్లెయిమ్ రిజెక్ట్.

పాత కథ తెలిస్తే తేలిగ్గా గుర్తుంటుంది. 2024 సెప్టెంబర్ 30 దాకా వాల్వ్ కొలాప్స్‌కి సొంత ఇల్లే లేదు. జే34.89 అనే ధర్మసత్రంలో పడుకునేది, ముక్కులో ఇంకెక్కడా చోటు దొరకని జబ్బులన్నీ అందులోనే. కొందరు ఎం95.0 వేసేవాళ్లు, ముక్కుకి తర్వాత వచ్చిన వైకల్యం అన్న అర్థంలో. 2024 అక్టోబర్ 1న వచ్చిన 252 కొత్త కోడ్‌లలో ఏడు దీనికి దక్కాయి. జే34.820 దగ్గర మొదలైతే ఇంటర్నల్, జే34.821 అయితే ఎక్స్‌టర్నల్. ఆ వెనక 0 ఉంటే ఏ రకమో చెప్పలేదని, 1 ఉంటే స్టాటిక్, 2 ఉంటే డైనమిక్. ఏ వాల్వో కూడా చెప్పకపోతే జే34.829, అది ఆరు క్యారెక్టర్లకే ఆగిపోతుంది. మిగతా ఆరింటికీ ఏడు. ఏడోది అంకె మాత్రమే, మొదటి విజిటా తర్వాతి విజిటా అన్నది దానితో తేలదు.

కుడి, ఎడమ అన్నవి ఈ కోడ్‌లలో లేవు. అది వెతుక్కుంటూ అరగంట పోగొట్టుకున్న వాళ్లలో నేనూ ఒకణ్ని. ఇంకో మాట, ఏ కోడ్ వాడాలన్నది సర్వీస్ డేట్‌ని బట్టి, క్లెయిమ్ పంపిన తేదీని బట్టి కాదు.

ఫ్రెషర్_దిల్‌సుఖ్‌నగర్
ధర్మసత్రం ఇక జన్మలో మర్చిపోను. థ్యాంక్స్ అన్నా.

ఏఆర్_కాలర్_వరంగల్
ఆ అక్టోబర్ నెల నాకూ గుర్తుంది. కొత్త కోడ్‌తో వెళ్లిన క్లెయిమ్స్ కొన్ని తిరిగొచ్చాయి. ఒక పేయర్ (ఇన్సూరెన్స్ కంపెనీ) సిస్టమ్‌లో సర్జరీకి ఒప్పుకునే డయాగ్నసిస్‌ల జాబితా ఇంకా పాతదే. గంటన్నర హోల్డ్‌లో ఉంచి, "కోడ్ సరైనదే, కానీ మా జాబితాలో లేదు" అంది అవతలి ఆవిడ. ముక్కు మీద వేలేసుకోవడం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది.

డాలస్_బాబాయ్
నేను కోడర్‌ని కాదు, ఆ కోడ్‌ల కింద నలుగుతున్న పేషెంట్‌ని. మా అబ్బాయి ఈ చర్చ చూపించాడు. నాకూ వాల్వ్ కొలాప్సే అన్నారు. ఈ మాట ఫోన్లో చెప్తే ఊళ్లో మా అక్కయ్య గుండె వాల్వ్ అనుకుని ఏడుపు మొదలెట్టింది. ముక్కులో కూడా వాల్వ్ ఉంటుందని నమ్మించడానికి రెండు రోజులు పట్టింది. సర్జరీకి ప్రీ-ఆథరైజేషన్ (ముందస్తు అనుమతి) పెడితే ఇన్సూరెన్స్ వాళ్లు "కాస్మెటిక్" అని తిప్పికొట్టారు. నాకు 58 ఏళ్లు, ఈ వయసులో ముక్కు అందంగా చేయించుకుని ఎవరికి చూపించాలి?

విశాఖ_నైట్‌షిఫ్ట్
బాబాయ్ గారూ, ప్రీమియం ముక్కుపిండి వసూలు చేస్తారు, ముక్కు బాగు చేయమంటే మాత్రం కాస్మెటిక్.

ఈఎన్‌టీ_గుంటూరు
డాక్టర్ల తరఫున ఒక మాట. మీ చర్చ చదువుతుంటే నవ్వూ వస్తోంది, భయమూ వేస్తోంది.

ముందు ఆ వాల్వ్ గురించి. గుండెలో లాగా తెరుచుకుని మూసుకునే తలుపు కాదది. ముక్కు దారిలో బాగా ఇరుకైన చోటు, అంతే. లోపలి వాల్వ్ అంటే నడిమి దూలానికి, పక్కనుండే పై మృదులాస్థికి మధ్య ఉన్న సందు. ఆ కోణం మామూలుగా 10 నుంచి 15 డిగ్రీలే. గొట్టం వ్యాసార్థం సగమైతే అందులోంచి పారేది పదహారో వంతుకి పడిపోతుందని ఇంటర్ ఫిజిక్స్‌లో చదువుకుని ఉంటారు. ముక్కు అంత సాఫీ గొట్టం కాకపోయినా, ఒక్క మిల్లీమీటరు ఇరుకైనా మనిషి ఎందుకంత విలవిల్లాడతాడో దాన్ని బట్టి అర్థమవుతుంది. బయటి వాల్వ్ అంటే ముక్కు రంధ్రం ద్వారం దగ్గరిది. గట్టిగా ఎగపీల్చినప్పుడు కొందరికి ముక్కు రెక్కలు చప్పున అతుక్కుపోతాయి చూడండి, అదీ.

ఊపిరి తీసినా తీయకపోయినా ఇరుకుగానే ఉంటే స్టాటిక్. మామూలుగా బాగానే ఉండి, పీల్చినప్పుడు గోడ బలం చాలక కూలితే డైనమిక్. ఒకే ముక్కులో రెండూ ఉండొచ్చు, ఉంటాయి కూడా.

కాటిల్ గురించి. చెంపని పక్కకి లాగితే ఎవరికైనా గాలి బాగా ఆడుతుంది, ఇప్పుడే చేసి చూసుకోండి. అందుకే దాని ఒక్కదాని మీద ఆధారపడలేం. మాడిఫైడ్ కాటిల్ అంటే సన్నటి పరికరంతోనో దూదిపుల్లతోనో లోపలి నుంచి గోడని కొంచెం ఎత్తి, ఏ చోట ఎత్తితే హాయిగా ఉందో పేషెంట్‌ని అడగడం. ఆ "ఏ చోట" అన్నదే ముఖ్యం. ఉప్పల్ బాబు చెప్పిన నోట్‌లో అది ఉందా? పాజిటివ్ అని మాత్రమే ఉందా?

ఇక మాకు చిరాకు తెప్పించేది. మేం పేషెంట్‌ని చూస్తాం, మీరు మా వాక్యాలని చూస్తారు. పరీక్షలో అన్నీ రాశాక మళ్లీ కింద ఆ మాటే ఎందుకు రాయాలి అనిపిస్తుంది. నా దగ్గర రోజుకి అరవై మంది ఓపీ. మన దగ్గర ఈ ఏడంకెల బాధ లేదు కాబట్టి బతికిపోయాం.

ఆడిట్_అత్తగారు
సార్, మీ బాధ న్యాయమైనదే. కానీ ఒకటి ఆలోచించండి, మీ వాక్యాలు చదివి జబ్బు తేల్చే హక్కు మాకిస్తే మీరు ఊరుకుంటారా?

ఈఎన్‌టీ_గుంటూరు
చచ్చినా ఊరుకోను.

ముక్కుసూటి
కేసు కొట్టివేయడమైనది.

ఉప్పల్_కుర్రాడు
డాక్టర్ గారూ, ఏ చోట అన్నది లేదు. "మాడిఫైడ్ కాటిల్ పాజిటివ్, రెండు వైపులా" అని మాత్రమే ఉంది.

ముక్కుసూటి అన్నా, ప్లాన్ మళ్లీ చదివాను. ఇలా ఉంది: "ఇంటర్నల్ నాసల్ వాల్వ్ కొలాప్స్‌కి స్ప్రెడర్ గ్రాఫ్ట్‌లు, ఆలార్ బ్యాటెన్ గ్రాఫ్ట్‌లు, వాటి లాభనష్టాలు చర్చించాం. పేషెంట్ ఆలోచించుకుని చెప్తానన్నారు." నిజం చెప్పాలంటే ప్లాన్‌లో ఈ లైన్ నేను చూడలేదు. గంటకి పద్నాలుగు చార్టుల టార్గెట్, అసెస్‌మెంట్, ఎగ్జామ్ చూసి కొట్టేశాను.

ముక్కుసూటి
తేలిపోయింది. "ఇంటర్నల్ నాసల్ వాల్వ్ కొలాప్స్" అని డాక్టరే తన చేత్తో రాశాడు. కాబట్టి జే34.829 తప్పు. స్టాటిక్, డైనమిక్ ఎక్కడా రాయలేదు. కాబట్టి నీ జే34.8202 కూడా తప్పు. ఉన్న నోట్ ప్రకారం జే34.8200. క్యూఏ కింద కాలేసింది, నువ్వు పైన కాలేశావు, మెట్టు మధ్యలో ఉంది.

మల్లి_సీపీసీ
ఒప్పుకుంటున్నా, నా పైమాట వెనక్కి తీసుకుంటున్నా. నిజానికి నేనూ 8202 వేసేదాన్నే.

ఆడిట్_అత్తగారు
ప్లాన్ లైన్ ఉందని నాకు తెలియదు. అది ఉంటే 8200కి నాకూ అభ్యంతరం లేదు. ఆ క్యూఏ ఆ లైన్ చదవకుండానే 829 అన్నట్టుంది. ఇద్దరూ ఒకే లైన్ వదిలేశారన్నమాట.

ఈఎన్‌టీ_గుంటూరు
ఆగండాగండి. ఆ రెండో గ్రాఫ్ట్ నాకు మింగుడు పడటం లేదు. స్ప్రెడర్ గ్రాఫ్ట్ అంటే దూలానికీ పై మృదులాస్థికీ మధ్య సన్నటి మృదులాస్థి ముక్క పెట్టి సందుని వెడల్పు చేయడం. 1984లో షీన్ చెప్పిన పద్ధతి. పాత రైనోప్లాస్టీలో ముక్కు దూలం మీది మూపు చెక్కేసిన వాళ్లకి నడిమి భాగం ఇలా లోపలికి దిగబడటం మామూలే. అదీ ఇరుకు సమస్య. ఆలార్ బ్యాటెన్ మాత్రం పక్క గోడకి ఊతకర్ర. పీల్చినప్పుడు గోడ కూలుతుంటే వేస్తాం, చాలాసార్లు కింది భాగంలో, రెక్క దగ్గర. కాబట్టి ఆ డాక్టర్ ఉద్దేశంలో లోపలికి పోతున్న గోడ ఇంటర్నల్ వాల్వ్ దగ్గరిదేనా అని నాకు అనుమానం. నేను పేషెంట్‌ని చూడలేదు, అందుకే అనుమానమే అంటున్నా.

కొండాపూర్_కోడర్
అంటే క్వెరీ పంపాల్సిందే, నోట్‌లో తేలనిది ఆ డాక్టర్‌నే రాసి అడగాల్సిందే.

ఉప్పల్_కుర్రాడు
రాశాను, చూడండి: "డాక్టర్ గారూ, లాటరల్ వాల్ కదలిక ఉంది కాబట్టి డైనమిక్ ఇంటర్నల్ నాసల్ వాల్వ్ కొలాప్స్ అని నోట్‌కి అడెండమ్ (చేర్పు) ఇవ్వగలరా? లేకపోతే క్లెయిమ్ అన్‌స్పెసిఫైడ్‌తో వెళ్తుంది, డినయల్ రావచ్చు."

ఆడిట్_అత్తగారు
అయ్యో రామా. పంపలేదు కదా?

ఉప్పల్_కుర్రాడు
లేదు లేదు. డ్రాఫ్టే.

ఆడిట్_అత్తగారు
బతికించావు. అది క్వెరీ కాదు, సాక్షికి నేర్పిన వాంగ్మూలం. జవాబు నువ్వే ఇచ్చేసి సంతకం పెట్టమంటున్నావు. దానికి తోడు డబ్బు మాట ఎత్తావు. క్వెరీలో పేమెంట్ ఊసు అసలు రాకూడదు.

ఇలా రాయి. ముందు నోట్‌లో ఉన్నది ఉన్నట్టు ఎత్తి పెట్టు: ఇంటర్నల్ వాల్వ్ ఇరుకు, పీల్చినప్పుడు లాటరల్ వాల్ లోపలికి పోవడం, మాడిఫైడ్ కాటిల్ పాజిటివ్, ప్లాన్‌లో రెండు రకాల గ్రాఫ్ట్‌లు. తర్వాత అడుగు: అసెస్‌మెంట్‌లో రాసిన నాసల్ వాల్వ్ కొలాప్స్ ఏ వాల్వ్‌కి సంబంధించిందో, ఏ రకమో మీ క్లినికల్ అభిప్రాయం ప్రకారం తెలియజేయగలరు. కింద ఆప్షన్లు: ఇంటర్నల్ స్టాటిక్, ఇంటర్నల్ డైనమిక్, ఎక్స్‌టర్నల్ స్టాటిక్, ఎక్స్‌టర్నల్ డైనమిక్, వీటిలో ఒకటికి మించి ఉంటే అవన్నీ, వేరే ఏదైనా, క్లినికల్‌గా తేల్చలేం. ఆ చివరి రెండూ తప్పనిసరి. అవి లేకపోతే డాక్టర్‌ని మూలకి నెట్టి దారి మూసేసినట్టే.

ముక్కుసూటి
కోడ్ నంబర్లు కూడా పెట్టకు. డాక్టర్‌కి 8201 అయినా 8202 అయినా ఒకటే, జబ్బు పేర్లే పెట్టు.

డాలస్_బాబాయ్
మీ చర్చ పుణ్యమా అని నా విజిట్ నోట్ పోర్టల్లోంచి డౌన్‌లోడ్ చేసుకున్నా. అసెస్‌మెంట్‌లో "సస్పెక్టెడ్ నాసల్ వాల్వ్ కొలాప్స్, నాసల్ అబ్‌స్ట్రక్షన్, డీవియేటెడ్ సెప్టమ్" అని ఉంది. ఇన్సూరెన్స్‌కి పంపిన కాగితంలో జే34.89, జే34.2 ఉన్నాయి. దీనర్థం ఏమిటి?

డినయల్_డెస్క్
బాబాయ్ గారూ, మీ కోడర్ తప్పు చేయలేదు. అవుట్‌పేషెంట్‌లో "సస్పెక్టెడ్", "ప్రాబబుల్", "రూల్ అవుట్" అని రాసిన జబ్బుని ఉన్నట్టుగా కోడ్ చేయకూడదు. అప్పటికి ఖాయమైనదే వేయాలి. నాసల్ అబ్‌స్ట్రక్షన్, అంటే గాలి దారి మూసుకుపోవడానికి జే34.89, దూలం వంకరకి జే34.2, అదే వేశారు. ఆసుపత్రిలో చేరి డిశ్చార్జ్ అయ్యే కేసులకి రూలు వేరు, ఆ గొడవ మీకొద్దు. అంటే ఇన్సూరెన్స్ వాళ్ల కంటికి మీకు వాల్వ్ కొలాప్స్ అన్నదే లేదు. లేని జబ్బుకి ముక్కు ఆకారం మార్చే సర్జరీ అడిగితే కాస్మెటిక్ అనక ఏమంటారు? వాళ్లని వెనకేసుకు రావడం లేదు, ఆ డెస్క్ ఎలా చదువుతుందో చెప్తున్నా.

మామూలుగా వాళ్ల మెడికల్ పాలసీలు అడిగేవి చెప్తాను, మీ ప్లాన్ పాలసీ తెప్పించుకుని పోల్చి చూసుకోండి. కొలాప్స్ ఎక్కడ, ఎలా అన్నది పరీక్షలో స్పష్టంగా ఉండాలి. మందులతో ప్రయత్నించినట్టు రుజువు ఉండాలి, ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే కొన్ని వారాలు వాడి ఫలితం లేదని, ఏ మందు, ఎన్నాళ్లు అని తేదీలతో సహా. ఫోటోలు అడుగుతారు, ముందు నుంచి, పక్క నుంచి, కింది నుంచి. దూలం వంకర కూడా ఉంది కాబట్టి అది ఒక్కటి సరిచేస్తే ఎందుకు చాలదో డాక్టర్ ఒక వాక్యం రాస్తే అప్పీలుకి ప్రాణం వస్తుంది. నోస్ స్కోర్ ఉందా?

డాలస్_బాబాయ్
ఒక కాగితం నింపించారు, ఐదు ప్రశ్నలు. అదేనా?

డినయల్_డెస్క్
అదే. దిబ్బడ, మూసుకుపోవడం, ఊపిరి కష్టం, నిద్ర, వ్యాయామం చేసేటప్పుడు గాలి చాలకపోవడం. ఒక్కోదానికి 0 నుంచి 4, మొత్తాన్ని ఐదుతో గుణిస్తే వందకి స్కోరు.

డాలస్_బాబాయ్
నాది 80. పరీక్షల్లో జీవితంలో ఎన్నడూ రాని మార్కులు.

విశాఖ_నైట్‌షిఫ్ట్
డిస్టింక్షన్.

ఈఎన్‌టీ_గుంటూరు
రాత్రిళ్లు ముక్కు మీద అంటించుకునే ప్లాస్టర్ పట్టీ వాడితే హాయిగా ఉంటోందా బాబాయ్ గారూ? ఉంటే ఆ మాట మీ డాక్టర్‌కి చెప్పండి. బయటి నుంచి గోడని లాగిపెడితే ఉపశమనం వస్తోందంటే అదీ ఒక ఆధారమే. ఇంకో మాట, "ఈ కోడ్ వేయండి" అని మాత్రం ఆయన్ని అడగకండి, మాకు ఒళ్లు మండుతుంది. "మీరు చూసింది పూర్తిగా రాయండి, ఖాయమైతే ఖాయమని రాయండి" అనండి.

ఫ్రెషర్_దిల్‌సుఖ్‌నగర్
సర్జరీ కోడ్ కూడా ఒకరు చెప్పరూ? 30465, 30468 మధ్య నాకు ఎప్పుడూ తికమకే.

కొండాపూర్_కోడర్
గ్రాఫ్ట్ పెట్టి గోడ కట్టుకొస్తే 30465, స్ప్రెడర్ గ్రాఫ్ట్ ఆ డిస్క్రిప్షన్‌లోనే ఉంది. పక్క గోడలో ఇంప్లాంట్ గుచ్చితే 30468, అది 2021 జనవరిలో వచ్చింది. రేడియోఫ్రీక్వెన్సీ వేడితో గోడ గట్టిపరిస్తే 30469, అది 2023లో. మూడూ రెండు వైపులకీ కలిపి రాసిన కోడ్‌లు, కాబట్టి రెండు వైపులా చేశామని చెప్పే మాడిఫైయర్ 50 తగిలించకు. ఒక్క వైపే చేస్తే 52, పని తగ్గిందని చెప్పే మాడిఫైయర్. పరీక్షలో ఇక్కడే బోల్తా కొట్టిస్తారు. చెవి మృదులాస్థి తీసి వాడితే 21235 చూడు. మిగతాది వేరే చర్చ పెట్టి అడుగు, ఇక్కడ పాపం ఉప్పల్ ఇన్సెంటివ్ సంగతి తేలాలి.

ఏఆర్_కాలర్_వరంగల్
30468 ఆపరేషన్ నోట్‌లో ఇంప్లాంట్ ఊసే లేకుండా వచ్చిన క్లెయిమ్ ఒకటి నా నెత్తిన పడింది. బిల్లులో ఇంప్లాంట్ ఉంది, నోట్‌లో గ్రాఫ్ట్ ఉంది. ఆ పేషెంట్ ముక్కులో ఏముందో ఆ దేవుడికే తెలియాలి.

ఉప్పల్_కుర్రాడు
నాలుగు రోజులకి వచ్చాను. రెండు వార్తలు.

మొదటిది, క్వెరీకి జవాబొచ్చింది. అత్తగారు చెప్పినట్టే రాశాను, ఆప్షన్లు అన్నీ పెట్టాను. డాక్టర్ తేదీ, సంతకంతో అడెండమ్ ఇచ్చారు: "రెండు వైపులా స్టాటిక్ ఇంటర్నల్ నాసల్ వాల్వ్ కొలాప్స్. రెండు వైపులా డైనమిక్ ఎక్స్‌టర్నల్ నాసల్ వాల్వ్ కొలాప్స్." అంటే జే34.8201, జే34.8212. నేను అంత గట్టిగా వాదించిన 8202 అందులో లేనే లేదు. ఎగ్జామ్‌లో రెండు వాక్యాలు పక్కపక్కన ఉంటే ఒకే చోటి గురించి అనుకున్నాను. ఒకటి లోపలి వాల్వ్ గురించి, ఇంకోటి రెక్క గురించి. గుంటూరు డాక్టర్ గారికి దండం.

రెండోది, రిబటల్ జవాబు. ఆడిట్ నాటికి ఉన్న నోట్ ప్రకారం నా కోడ్ తప్పే, ఎర్రర్ అలాగే ఉంటుంది. వాళ్ల 829 కూడా తప్పేనని ఒప్పుకుని 8200గా మార్చారు. ఇన్సెంటివ్ మాత్రం రాదు.

ఈఎన్‌టీ_గుంటూరు
దండం ఎందుకు బాబూ, బ్యాటెన్ గ్రాఫ్ట్‌కి పెట్టు. పేషెంట్‌ని చూసి ఉంటే నేనూ నాలుగు మాటలే రాసేవాణ్ని, మీలాంటి వాళ్లు నా మీదా ఇలాగే చర్చ పెట్టేవారు.

మల్లి_సీపీసీ
నేనైతే రెండు చోట్లా తప్పేదాన్ని. మా టీమ్ గ్రూపులో ఈ చార్ట్ కథ పెట్టుకోవచ్చా? పేషెంట్ వివరాలేమీ లేకుండా.

ఉప్పల్_కుర్రాడు
పెట్టుకో అక్కా. నా పేరు కూడా లేకుండా.

ఫ్రెషర్_దిల్‌సుఖ్‌నగర్
ఒకే క్లెయిమ్‌లో రెండూ వెళ్తాయా?

కొండాపూర్_కోడర్
ఇంటర్నల్ ఒకటి, ఎక్స్‌టర్నల్ ఒకటి, రెండు వేర్వేరు జబ్బులు. రెండూ వెళ్తాయి. క్లెయిమ్ పంపే 1500 ఫారంలో పన్నెండు డయాగ్నసిస్‌ల దాకా చోటుంది, ఒక్కో సర్వీస్ లైన్‌కి వాటిలో నాలుగింటిని చూపించే పాయింటర్లు.

ఆడిట్_అత్తగారు
ఉప్పల్, క్లెయిమ్ 829తో ఇప్పటికే వెళ్లిపోయిందా, హోల్డ్‌లో ఉందా? వెళ్లిపోతే కొత్త క్లెయిమ్‌లా పంపకండి, డూప్లికేట్ అని కొట్టేస్తారు. బాక్స్ 22లో 7 వేసి, పాత క్లెయిమ్ నంబర్ రాసి కరెక్టెడ్ క్లెయిమ్‌గా పంపమని మీ టీమ్ లీడ్‌కి చెప్పు.

ఉప్పల్_కుర్రాడు
హోల్డ్‌లోనే ఉంది మేడమ్. ఆ ఒక్క అదృష్టం మిగిలింది.

విశాఖ_నైట్‌షిఫ్ట్
తెల్లారింది, క్యాబ్ వచ్చింది. బాబాయ్ గారి సంగతి ఏమైంది?

డాలస్_బాబాయ్
గురువారం మళ్లీ అపాయింట్‌మెంట్ బాబూ. ఖాళీ స్ప్రే సీసాలు నాలుగు, ఫార్మసీ రసీదులు, ముక్కు పట్టీల డబ్బా, అన్నీ ఒక సంచిలో వేసి తలుపు దగ్గర పెట్టింది మా ఆవిడ. సంచి చూసి డాక్టర్ ఏమనుకుంటాడో గానీ, "సస్పెక్టెడ్" అన్న మాట మాత్రం ఎర్ర పెన్నుతో గీత గీసి తీసుకెళ్తున్నా.